నేరీ దాకా నాన్నతో

మొదటి రోజు, శనివారం: లండన్

నాన్న గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో రంగరూటుగా ఉన్నప్పుడు వాళ్ల ఉస్తాద్ ఒక కథ చెప్పేవాడట. ఫ్రాన్సులో ఏదో పల్లె. తెల్లవారుజామున దట్టమైన పొగమంచు. ఆరు ఫిరంగులున్న ఒక బ్యాటరీ మీద హఠాత్తుగా గుండ్ల వాన కురుస్తుంది. అయిదు ఫిరంగులు మూగబోయినా ఆరోది మాత్రం పెట్టెలోని చివరి గుండు దాకా పేలుతూనే ఉంటుంది. ఆ పల్లె పేరును ఉస్తాద్ రోజుకొక రకంగా పలికేవాడట.

అది 1977 నాటి మాట. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి సైన్యంలో చేరిన నాన్న ఇరవై నాలుగేళ్లు గన్నరుగా పనిచేసి హవల్దారుగా ఇంటికి వచ్చారు. ఇన్నేళ్లలో ఎన్నో మరిచిపోయారు గానీ ఆ కథను మరవలేదు. ఈ ఏడాది ఇంగ్లండులోని రెడింగ్‌లో మా ఇంటికి వస్తారనగా ఫోనులో ఒక్కటే అడిగారు. "అమ్మా, ఆ ఊరు నిజంగా ఉందా?"

ఉంది. పేరు నేరీ. పారిస్‌కు ఉత్తరాన, కొంపియేన్ పట్టణానికి దగ్గర్లో ఉంటుంది. ఆ బ్యాటరీ బ్రిటిష్ సైన్యంలోని రాయల్ హార్స్ ఆర్టిలరీకి చెందిన ఎల్ బ్యాటరీ. ఆ రోజు 1914 సెప్టెంబరు 1. సరిగ్గా అదే తేదీకి అక్కడ ఉండాలని నాన్న ఆశపడ్డారు గానీ, ఫ్రాన్సు వీసా చేతికి అందేసరికి ఆగస్టు దాటిపోయింది. సెప్టెంబరు రెండో వారంలో బయలుదేరాం. నేరుగా నేరీకి పోకుండా, ఆ దళం పుట్టుపూర్వోత్తరాలు తెలిసే చోట్లన్నీ చూసుకుంటూ వెళదామన్నది నా ఆలోచన.

మొదట హైడ్ పార్క్ కార్నర్‌లోని రాయల్ ఆర్టిలరీ స్మారకానికి వెళ్లాం. చుట్టూ బస్సులు, కార్లు సుడి తిరుగుతుంటాయి. నడుమ ఒక తెల్లరాతి దిమ్మె, దాని మీద రాతితోనే చెక్కిన పెద్ద హోవిట్జర్ ఫిరంగి. శిల్పి చార్లెస్ సార్జెంట్ జాగర్ కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి గాయపడినవాడే. 1925 అక్టోబరులో దీన్ని ఆవిష్కరించారు. నాలుగు వైపులా నాలుగు కంచు విగ్రహాలు. ఒకవైపు అధికారి, ఒకవైపు చేతులు బారజాపి వెనక్కి ఆనుకున్న గుర్రపు బండి డ్రైవరు, ఒకవైపు గుండ్లు మోసే సిపాయి. నాలుగోవైపు, పడుకోబెట్టిన శవం. ముఖం మీద ఓవర్‌కోటు కప్పి ఉంటుంది, గుండెల మీద ఇనుప టోపీ ఉంటుంది. యుద్ధ స్మారకంలో చచ్చిపోయినవాణ్ణి చచ్చిపోయినట్టే చూపించడం ఆ రోజుల్లో చాలామందికి మింగుడు పడలేదు. ఆ ధైర్యానికి నేను జాగర్‌కు చేతులెత్తి మొక్కుతాను.

ఆ యుద్ధంలో చనిపోయిన ఫిరంగి దళం వారు 49,076 మంది అని రాతి మీద చెక్కారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన 29,924 మంది కోసం 1949లో కంచు పలకలు చేర్చారు. నేను ఆ అంకెల దగ్గరే ఆగిపోయాను. నాన్న మాత్రం గుండ్లు మోసే సిపాయి విగ్రహం దగ్గరికి వెళ్లి దాని కాళ్ల వైపు, భుజాల వైపు చూస్తున్నారు. రెండు పక్కలా వేలాడే పొడుగాటి సంచుల్లో గుండ్లున్నాయి.

"బరువు తెలిసినవాడు చెక్కాడమ్మా. చూడు, నడుము ఎలా నిలిపాడో" అన్నారు.

నాన్న నేర్చుకున్నది 25 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగి మీద. దానికి ఆరుగురు మనుషులు. ఒకటో నంబరు నాయకుడు, మూడో నంబరు గురి చూసేవాడు, అయిదు, ఆరు నంబర్లు గుండ్లు అందించేవాళ్లు. నాన్న అయిదో నంబరు. ఒక్కో గుండు పదకొండు కిలోల పైమాటే. ఫిరంగి కథలన్నీ గురి చూసినవాడి గురించి, ఆజ్ఞ ఇచ్చినవాడి గురించి చెబుతాయి. అయిదో నంబరు పేరు కథల్లో రాదు. నాన్న ఇలా వివరించడం నేను మొదటిసారి విన్నాను.

మధ్యాహ్నం ఇంపీరియల్ వార్ మ్యూజియంకు వెళ్లాం. నేరీలో చివరిదాకా పేలిన ఫిరంగి ఇక్కడే ఉంది. 13 పౌండ్ల ఫిరంగి, గొట్టం నోరు మూడంగుళాలు. రాతి హోవిట్జర్‌ను చూసి వచ్చిన కళ్లకు ఇది చాలా చిన్నదిగా కనిపించింది. గుర్రాలతో పాటు పరుగెత్తాలి కాబట్టి తేలిగ్గా చేశారు. ఈ రకం ఫిరంగులు ఆరింటిని కింగ్స్ ట్రూప్ అనే దళం ఇప్పటికీ గుర్రాలతో లాగించి రాజ వందనాలకు పేలుస్తుంది. నాన్న ఆ ఫిరంగి ముందు నిలబడి, సిపాయి అలవాటు కొద్దీ చేతులు వెనక్కి కట్టుకుని, చాలాసేపు మాట్లాడలేదు. చిన్నపిల్లలు పక్క నుంచి పరుగెత్తుకుంటూ పోతున్నారు.

"ఇదేనా?" అన్నారు చివరికి. ఇదే అన్నాను.

రెండో రోజు, ఆదివారం: వూలిచ్

రెడింగ్‌లో రైలెక్కితే దిగకుండా వూలిచ్‌కు చేరవచ్చు. బ్రిటిష్ ఫిరంగి దళానికి పుట్టిల్లు ఇదే. 1716 మే 26న ఒకటో జార్జి రాజు ఆజ్ఞతో నూరేసి మందితో రెండు శాశ్వత కంపెనీలు ఏర్పడ్డాయి. అంతవరకు యుద్ధం వచ్చినప్పుడల్లా ఫిరంగులను, మనుషులను పోగుచేసి, అయిపోగానే చెదరగొట్టేవారు. ఫిరంగి పేల్చడం ఏడాది పొడవునా నేర్చుకోవలసిన విద్య అని తెలియడానికి అంతకాలం పట్టింది. అదే నెలలో లండన్‌లోని ఒక ప్రైవేటు పోతపని శాలలో ఫిరంగి పోత పోస్తుండగా పేలుడు జరిగి మనుషులు చనిపోయారు. ప్రభుత్వం తన పోతపని శాలను వూలిచ్‌లో కట్టుకుంది. ఎర్ర ఇటుకల ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఫుట్‌బాల్ ఇష్టపడేవారికి ఆర్సెనల్ జట్టు పేరు తెలిసే ఉంటుంది. 1886లో ఇక్కడి ఆర్సెనల్ అనే ఆయుధ కర్మాగారం కార్మికులే ఆ జట్టును పెట్టుకున్నారు. దాన్ని గన్నర్స్ అని పిలవడానికి కారణం అదే.

మన వైపు కథ ఒకటి ఈ కర్మాగారంలో దాగి ఉంది. శ్రీరంగపట్నం 1799లో పడిపోయాక టిప్పు సుల్తాను సైన్యం వాడిన ఇనుప గొట్టాల రాకెట్లు ఇక్కడికి చేరాయి. వాటిని పరిశీలించి విలియం కాంగ్రీవ్ తన రాకెట్లు తయారుచేశాడు. వాటిని వాడిన దళం 1813లో లైప్‌జిగ్ యుద్ధంలో పాల్గొంది. అది ఈనాటికీ రాకెట్ ట్రూప్ అన్న పేరుతో ఎల్ బ్యాటరీతో పాటు ఒకే రెజిమెంటులో ఉంది.

ఈ రెజిమెంటు అన్న మాట దగ్గర నేను తికమకపడితే నాన్న విడమరిచి చెప్పారు. రాయల్ ఆర్టిలరీ అంతటినీ కలిపి ఒక రెజిమెంటు అంటారు. దాని లోపల మళ్లీ నంబర్లున్న రెజిమెంట్లు ఉంటాయి. ఒక్కోదానిలో కొన్ని బ్యాటరీలు. పై లెక్కలు కాలాన్ని బట్టి మారిపోతుంటాయి గానీ బ్యాటరీ మారదు. దాని పేరు, దాని పండుగ, దాని కథలు దానివే. "ఊరు పెద్దదే కావచ్చు, మనిషి చెప్పుకునేది మాత్రం తన వీధి పేరే" అన్నారు. రాయల్ హార్స్ ఆర్టిలరీ అన్నది 1793లో వచ్చింది. మామూలు ఫిరంగి దళంలో చాలామంది ఫిరంగి పక్కన నడిచేవారు. ఇందులో ప్రతి మనిషికీ గుర్రమో, బండి మీద చోటో ఉంటుంది. అశ్వికదళం ఎంత వేగంగా కదిలితే అంత వేగంగా ఫిరంగిని దాని వెంట తీసుకుపోవడమే వీరి పని.

కొండ మీద బ్యారక్స్ ముందు నిలబడితే భవనం చివర ఒకేసారి కంటికి ఆనదు. మూడు వందల మీటర్లకు మించిన పొడవు. ఫిరంగి దళం 2007లో ఇక్కడి నుంచి వెళ్లిపోయింది. ఔరంగజేబు కాలపు భరత్‌పూర్ ఫిరంగి ఒకటి ఈ మైదానం ముందు ఉండేది. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్నప్పుడు తెచ్చుకున్నది. అదీ దళంతో పాటే తరలిపోయింది. నాన్న దాన్ని చూడాలని చాలా అనుకున్నారు. గోల్కొండ కోటలో పెట్లా బురుజు మీద పడి ఉన్న ఫతే రహబర్ ఫిరంగి కూడా ఔరంగజేబుదే. శిక్షణ రోజుల్లో సెలవు దొరికితే ఆ బురుజు మీద కూర్చుని ఇంటికి ఉత్తరాలు రాసుకునేవారట.

ఆయన ముఖం వాడిపోవడం చూసి ఇంకొక సంగతి చెప్పాను. 2012 ఒలింపిక్స్‌లో షూటింగ్ పోటీలు ఈ బ్యారక్స్ ఆవరణలోనే జరిగాయి. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఇక్కడే. మన సైన్యంలో సుబేదారుగా ఉన్న విజయ్ కుమార్‌కు రజతం వచ్చిందీ ఇక్కడే. నాన్న వెంటనే నిటారుగా నిలబడి ఫొటో తీయమన్నారు.

రోడ్డుకు ఆవల సెయింట్ జార్జ్ గ్యారిసన్ చర్చి ఉంది. 1944 జులైలో జర్మన్ల ఎగిరే బాంబు పడి కూలిపోయింది. మిగిలిన గోడల మీద గాజు ముక్కల చిత్రాలు మెరుస్తూ ఉంటాయి. ఇప్పుడు పైన కొత్త కప్పు వేశారు. బ్రిటన్‌లో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ పొందిన గన్నర్ల స్మారకం ఇక్కడే ఉంది. బ్రాడ్‌బరీ, డొరెల్, నెల్సన్. నేరీ మనుషులు ముగ్గురి పేర్లను నాన్న వేలితో గాలిలో చదివారు.

మూడో రోజు, సోమవారం: సాలిస్‌బరీ మైదానం

ఈరోజు కారులో వెళ్లాం. దారిలో టిడ్‌వర్త్ అనే సైనిక పట్టణం. అక్కడి బ్యారక్స్ పేర్లు నేను ముందే చదివి ఉన్నా, గేట్ల దగ్గర బోర్డుల మీద చూస్తే వేరుగా అనిపించింది. అస్సాయే, భరత్‌పూర్, ఢిల్లీ, లక్నో, ముల్తాన్. మన ఊర్ల పేర్లు, మన ఓటముల పేర్లు. ఎల్ బ్యాటరీ ఉన్న ఒకటో హార్స్ ఆర్టిలరీ రెజిమెంటు 2019 దాకా ఇక్కడి అస్సాయే బ్యారక్స్‌లోనే ఉండేది.

ఎల్ బ్యాటరీ పుట్టింది కూడా మన దేశంలోనే. 1809లో, ఈస్టిండియా కంపెనీ వారి బెంగాల్ హార్స్ ఆర్టిలరీలో. 1857 తర్వాత కంపెనీ సైన్యాలు రాణి చేతికి వచ్చాయి. మద్రాసు, బొంబాయి, బెంగాల్ ఫిరంగి దళాలను రాయల్ ఆర్టిలరీలో కలిపేశారు. 1857లో తిరుగుబాటు సిపాయిలను ఫిరంగి నోటికి కట్టి పేల్చి చంపిన దేశం మనది. నేరీ ధైర్యం గురించి రాస్తూ ఆ సంగతిని దాచడం నా వల్ల కాదు. ఆ తిరుగుబాటు తర్వాత భారతీయుల చేతికి ఫిరంగి ఇవ్వడానికే పాలకులు భయపడ్డారు. కొండ ఫిరంగుల బ్యాటరీలు కొన్ని తప్ప మిగతావన్నీ తెల్ల సైనికులకే. మైదాన ఫిరంగులతో మొదటి భారతీయ దళం బెంగళూరులో ఏర్పడింది 1935 జనవరిలో.

"మేము ఏటా సెప్టెంబరు 28న గన్నర్స్ డే చేసుకుంటాం. 1827లో ఏర్పడిన బొంబాయి కొండ బ్యాటరీ పుట్టినరోజు అది. కొండ ఫిరంగులు మన చేతిలో మిగిలాయి కాబట్టే ఆ తేదీ మిగిలింది" అన్నారు నాన్న. ఇన్నేళ్లుగా మిఠాయి పంచుకున్న పండుగ వెనుక ఉన్న సంగతిని ఆయన నాకు కారులో, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు.

లార్క్‌హిల్ ఊరు స్టోన్‌హెంజ్‌కు కూతవేటు దూరం. ఫిరంగి విద్య నేర్పే పాఠశాల ఇక్కడ ఉంది, ఒకటో రెజిమెంటు కూడా ఇక్కడే ఉంటోంది. లోపలికి మనలాంటివారు వెళ్లలేరు. టిల్‌షెడ్ గ్రామం దాటాక ఒక ఎర్ర జెండా దగ్గర కారు ఆపాం. జెండా ఎగురుతోందంటే లోపల గుండ్లు పడుతున్నాయని అర్థం. కాసేపటికి దూరంగా, భూమి లోపల నుంచి వచ్చినట్టు ఒక మోత. నాన్న చేయెత్తి నన్ను ఆపి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. చాలాసేపటికి మరో వైపు నుంచి ఇంకో శబ్దం, మెత్తగా.

"పడింది" అన్నారు. ఆయన కళ్లలో అంత వెలుగును ఈమధ్య నేను చూడలేదు.

గడ్డి మీద కూర్చుని ఫిరంగి దళం పని చేసే తీరు మొత్తం చెప్పారు. ఫిరంగి దగ్గర ఉన్నవాడికి లక్ష్యం కనిపించదు. మైళ్ల ముందు, కాల్బలంతో పాటు దాక్కుని ఒక అధికారి ఇద్దరు ముగ్గురు సిపాయిలతో కూర్చుంటాడు. వాళ్లదే ఓపీ, అంటే అబ్జర్వేషన్ పోస్టు. ఆయన చూసి దూరం, దిశ చెబుతాడు. మధ్యలో కమాండ్ పోస్టు గాలిని, చలిని, గుండు బరువును లెక్కలోకి తీసుకుని ఫిరంగి ఎంత ఎత్తాలో, ఎటు తిప్పాలో చెబుతుంది. మొదటి గుండు లక్ష్యానికి ఆవల, రెండోది ఈవల, ఆ తర్వాత మధ్యకు. అది కుదిరాకే బ్యాటరీ అంతా ఒక్కసారిగా పేలుతుంది. ఇప్పుడు ఉపగ్రహాలు, కంప్యూటర్లు, డ్రోన్లు వచ్చి ఈ లెక్కంతా క్షణాల్లో జరుగుతోంది. ఒకటో రెజిమెంటు ఏళ్ల తరబడి వాడింది ఏ.ఎస్.-90 అనే 155 మిల్లీమీటర్ల ఫిరంగిని, ట్యాంకులా గొలుసుల మీద తనంతట తాను నడిచేది. 2023 నుంచి వాటిని ఉక్రెయిన్‌కు పంపారు. ఆ లోటు తీర్చడానికి స్వీడన్ నుంచి ఆర్చర్ అనే చక్రాల ఫిరంగులు పద్నాలుగు తెచ్చుకున్నారు.

ఫిరంగి దళానికి జెండా ఉండదు, దాని ఫిరంగులే దాని జెండా. గెలిచిన యుద్ధాల పేర్లు రాసుకునే అలవాటూ లేదు. యుబిక్ అన్న ఒక్క లాటిన్ మాట ఉంది. అంటే అన్ని చోట్లా. మన ఆర్టిలరీ నినాదం సర్వత్ర ఇజ్జత్-ఓ-ఇక్బాల్ లోని మొదటి మాటా అదే. బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోతూ మనకు వదిలిన వాటిలో ఈ మాట ఒకటి. మనవాళ్లు దానికి గౌరవాన్ని, కీర్తిని కలిపి తమది చేసుకున్నారు.

నాలుగో రోజు, మంగళవారం: ప్రయాణం

లండన్ నుంచి సొరంగం రైలులో పారిస్, అక్కడి నుంచి సాం కాంతాం మీదుగా లె కాతో. ఊరు చేరేసరికి సాయంత్రమైంది. నాన్న మోకాళ్లు వాచాయి. వేడినీళ్ల కాపడం పెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని పడుకున్నాం.

అయిదో రోజు, బుధవారం: లె కాతో

చిత్రకారుడు మతీస్ పుట్టిన ఊరు ఇది, ఆయన పేరిట మ్యూజియం కూడా ఉంది. మేము మాత్రం ఊరి బయటి గుట్ట మీదికి వెళ్లాం. చుట్టూ కోసేసిన గోధుమ చేలు, మధ్యలో చెట్ల నీడలో సఫోక్ రెజిమెంటు స్మారకం. పైన నిలబడితే నాలుగు దిక్కులూ అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తాయి. ఆ నాలుగు దిక్కులకూ మనమూ అలాగే కనిపిస్తాం.

1914 ఆగస్టు 26. బెల్జియంలోని మోన్స్ నుంచి వెనక్కి నడుస్తున్న బ్రిటిష్ సైన్యంలో రెండో కోర్ నాయకుడు జనరల్ స్మిత్-డోరియన్, సిపాయిలు ఇక నడవలేరని గ్రహించి, ఇక్కడే నిలబడి శత్రువును ఆపాలని నిర్ణయించాడు. ఫిరంగులను గుట్ట వెనుక దాచకుండా కాల్బలానికి కొద్ది గజాల దూరంలో బయటే నిలబెట్టారు. తోటి సిపాయిలకు తోడుగా ఉండాలన్నది ఆలోచన. దక్షిణాఫ్రికాలో 1899లో కొలెన్సో దగ్గర ఇలా ముందుకు పోయినందుకే పది ఫిరంగులను పోగొట్టుకున్నారు. పదిహేనేళ్ల తర్వాత అదే తప్పు.

"కాల్బలానికి ధైర్యం ఇచ్చేది ఫిరంగి పక్కన కనిపించడం కాదు, వెనుక నుంచి ఆగకుండా పేలడం" అన్నారు నాన్న. ఆయన గొంతులో కోపం ఉంది. నూట పదేళ్ల కిందటి అధికారుల మీద కోపం. నాకూ ఆ మాటే న్యాయమనిపించింది. మధ్యాహ్నానికి ఫిరంగుల చుట్టూ మనుషులు, గుర్రాలు కుప్పకూలారు. ఫిరంగులను శత్రువుకు వదలకూడదని, వెనుక నుంచి ఆరేసి గుర్రాల బండ్లను ఈ వాలు మీదికి, తుపాకులకు ఎదురుగా పరుగెత్తించారు. 37వ హోవిట్జర్ బ్యాటరీకి చెందిన కెప్టెన్ రెనాల్డ్స్ రెండు బండ్లతో వచ్చాడు. ఒక జట్టు గుర్రాలన్నీ పడిపోయాయి. రెండో జట్టును డ్రైవర్లు జాబ్ డ్రెయిన్, ఫ్రెడరిక్ లూక్ తోలుకుని ఒక హోవిట్జర్‌ను లాక్కుపోయారు. ముగ్గురికీ విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ రోజు మొత్తం 38 ఫిరంగులు పోయాయి.

గుర్రాలకు మాత్రం ఏ పతకమూ లేదు. ఫిరంగి బండికి ఆరు గుర్రాలు, మూడు జతలు. ప్రతి జతలో ఎడమ గుర్రం మీద ఒక డ్రైవరు. తుపాకీ పట్టుకునే వీలు కూడా లేకుండా, రెండు చేతులా కళ్లాలతో గుండ్లలోకి స్వారీ చేయడం ఎలా ఉంటుందో ఆ వాలును చూస్తే తప్ప అర్థం కాదు. లండన్ స్మారకం మీద చేతులు బారజాపిన డ్రైవరు నాకు అప్పుడు గుర్తొచ్చాడు.

గుట్ట దిగుతుండగా నాన్న ఒక ప్రశ్న వేశారు. మనం దీన్ని ఫిరంగి అని ఎందుకంటాం? ఫ్రాంకులు అన్న ఇక్కడివారి పేరే పారసీకంలో ఫరంగీ అయి, ఐరోపా వాళ్లందరికీ చెల్లి, వాళ్లతో వచ్చిన ఆయుధానికీ మన భాషలో ఆ పేరే నిలిచింది. ఆ మాట పుట్టిన నేల మీదే నడుస్తున్నామని చెబితే నాన్న కిందికి వంగి పిడికెడు మట్టి తీసి చూశారు. సుద్దలా తెల్లటి మట్టి.

ఆరో రోజు, గురువారం: నేరీ

రాత్రి కొంపియేన్‌లో ఉండి తెల్లవారకముందే టాక్సీ మాట్లాడుకున్నాం. ఇంత పెందలాడే ఆ పల్లెలో ఏమీ తెరిచి ఉండదని డ్రైవరు రెండుసార్లు చెప్పాడు. మంచు కావాలని ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. దైవికంగా మంచు ఉంది. ఊరి దక్షిణం చివర దిగేసరికి రోడ్డుకు ఆవలి గోడ కూడా మసకగా కనిపిస్తోంది.

ఆ ఉదయం కూడా ఇలాగే. ఒకటో అశ్విక బ్రిగేడుకు చెందిన మూడు రెజిమెంట్లు, ఎల్ బ్యాటరీ రాత్రి ఈ ఊళ్లో దిగాయి. తెల్లవారుజామునే కదలాలని ఆజ్ఞ. మంచు తగ్గలేదని ప్రయాణం వాయిదా పడింది. బ్యాటరీ వాళ్లు గుర్రాలకు భారం తగ్గించడానికి బండ్ల కాడిమానులు దించి, వంతులవారీగా దగ్గర్లోని చక్కెర మిల్లు వద్ద నీళ్లు పెట్టించుకుంటున్నారు. మంచులో గస్తీకి పోయిన హుస్సార్లు, అంటే బ్రిగేడు గుర్రపు సిపాయిలు, జర్మన్ గుర్రపు దళాన్ని ఢీకొని, వెనక్కి దౌడు తీసి కబురు చెప్పారు. అంతలోనే మొదటి గుండు ఊరి మీద పేలింది. తూర్పున చిన్న పల్లం, దాని ఆవల మెరక. ఆ మెరక మీద జర్మన్ నాలుగో అశ్విక డివిజన్ వారి పన్నెండు ఫిరంగులు. దూరం ఆరేడు వందల గజాలు. ఫిరంగికి అది దూరమే కాదు.

కట్టి ఉన్న గుర్రాలు కట్టిన చోటే చచ్చిపోయాయి. బ్యాటరీ కమాండరు మేజర్ స్క్లేటర్-బూత్ స్పృహ తప్పి పడిపోయాడు. ఫిరంగుల దగ్గరికి ఎవరొస్తారంటూ ముప్పయి మూడేళ్ల కెప్టెన్ ఎడ్వర్డ్ బ్రాడ్‌బరీ పిలిచాడు. ఆరింటిలో మూడు ఫిరంగులను మాత్రమే తిప్పి నిలబెట్టగలిగారు. కాసేపట్లో రెండు ఆగిపోయాయి. మిగిలింది ఒక్కటే, మేము లండన్‌లో చూసినది.

దాని దగ్గర బ్రాడ్‌బరీ, సార్జెంట్ నెల్సన్, గన్నర్ డార్బీషైర్, డ్రైవర్ ఆస్‌బోర్న్, మరికొందరు. గాయపడిన నెల్సన్ వెనక్కి పొమ్మన్నా పోలేదు. గుండ్లున్న బండి ఇరవై గజాల అవతల ఉంది. ఫిరంగి పేలాలంటే ఎవరో ఒకరు ఆ ఇరవై గజాలు దాటి వెళ్లి, గుండ్లతో తిరిగి రావాలి. ఆస్‌బోర్న్ పదే పదే వెళ్లాడు. గుండ్లు తగ్గిపోతుంటే బ్రాడ్‌బరీ తానే బయలుదేరాడు. అప్పుడే గుండు పడి ఆయన కాలు తెగిపోయింది. ప్రాణం పోయేదాకా ఆదేశాలు ఇస్తూనే ఉన్నాడు. బ్యాటరీ సార్జెంట్ మేజర్ డొరెల్ ఆయన స్థానంలోకి వచ్చాడు. చివరి గుండు కూడా పేల్చాక ఫిరంగి ఆగింది.

గెలుపు ఈ ఒక్క ఫిరంగిదే అని చెప్పడం న్యాయం కాదు. బ్రిగేడులోని మూడు రెజిమెంట్లలో ఒకటైన క్వీన్స్ బేస్ మెషిన్ గన్నులు ఇదే గట్టు మీద నుంచి ఆపకుండా కాల్చాయి. ఎనిమిది గంటల వేళకు ఐ బ్యాటరీ, అదనపు దళాలు వచ్చి జర్మన్లను తరిమాయి. పన్నెండు జర్మన్ ఫిరంగుల్లో ఎనిమిది చేజిక్కాయి. ఎల్ బ్యాటరీలో 23 మంది చనిపోయారు, 31 మంది గాయపడ్డారు. బ్యాటరీని ఇంగ్లండులో మళ్లీ నిలబెట్టి మరుసటి ఏడాది టర్కీలోని గలిపోలీకి పంపారు. నెల్సన్ మేజరై 1918 ఏప్రిల్‌లో యుద్ధంలోనే పోయాడు. డొరెల్ 1971 దాకా బతికాడు. డార్బీషైర్‌కూ ఆస్‌బోర్న్‌కూ ఫ్రాన్సు ప్రభుత్వం మెడాయ్ మిలిటేర్ పతకం ఇచ్చింది. 1926లో బ్యాటరీ పేరులోనే నేరీ చేరింది. ఇప్పటికీ సెప్టెంబరు 1 ఆ బ్యాటరీకి పండుగ.

ముందు శ్మశానానికి వెళ్లాం. బ్రాడ్‌బరీ సమాధి ఈ ఊరివాళ్ల సమాధుల మధ్యనే ఉంది. నాన్న మఫ్లరు తీసి, బూట్ల మడమలు కలిపి సెల్యూట్ చేశారు. శ్రీకాకుళం నుంచి తెచ్చిన చిన్న కొబ్బరి ముక్క ఒకటి జేబులోంచి తీసి, ఇక్కడ పెట్టవచ్చునో లేదోనని నా వైపు చూశారు. పెట్టమన్నాను.

తర్వాత పొలం గట్టుకు వచ్చాం. మంచు విడుతోంది. ముందు పల్లం, దాని తర్వాత మెరక అంచు, దాని మీద బీట్‌రూట్ లాంటి చక్కెర దుంపల చేను తేలాయి. అంత దగ్గరగా ఉంటుందని నేను అనుకోలేదు. నాన్న దానివైపు ఎక్కువసేపు చూడలేదు. నీళ్లు ఎటువైపు ఉండేవి, బండ్లు ఏ దిక్కుకు తిరిగి ఉండేవి, నేల మెత్తనా గట్టినా అని అడిగారు. నాకు తెలిసినంత చెప్పాను.

"గుండ్ల బండి ఇరవై గజాలన్నావు కదూ?"

అవునన్నాను. చేతికర్ర నాకిచ్చి గట్టు వెంబడి నడవడం మొదలుపెట్టారు. పైకి లెక్కపెడుతున్నారు. ఇరవై ఆరు అడుగులకు ఆగి, వెనక్కి తిరిగి, కిందికి వంగి నేలను తాకి లేచారు. చేతులు రెండూ పొట్టకు ఆనించి, మోచేతులు దగ్గరగా పెట్టుకుని, నడుము కాస్త వంచి నా వైపు రాసాగారు. ఇప్పుడు అడుగులు చిన్నవయ్యాయి. తడి గడ్డి మీద జారకుండా ఒక్కో పాదం చూసి వేస్తున్నారు. నేను చేయి అందించబోతే తల అడ్డంగా ఊపారు. నా దగ్గరికి వచ్చేసరికి లెక్క ముప్పయి నాలుగుకు చేరింది.